ఏళ్ల తరబడి నిలిచిన ఇంజను: పాత షెవ్రొలే పొలం ట్రక్కులో లోపాల నిర్ధారణ

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల పొలాల్లో, గడ్డి కొట్టాల్లోనూ ధాన్యపు గాదెల పక్కనా ఇప్పటికీ కనిపించే పాత ట్రక్కుల్లో జనరల్ మోటార్స్ సంస్థ 1947 నుంచి 1955 వరకు తయారుచేసిన షెవ్రొలే ‘అడ్వాన్స్ డిజైన్’ శ్రేణికి పెద్ద స్థానమే ఉంది. అర టన్ను తరగతికి చెందిన 3100, ముప్పావు టన్ను 3600, టన్ను 3800 ఈ శ్రేణిలోని నమూనాలు. రైతులు వీటిలో ధాన్యం, దాణా, కంచె గుంజలు మోసుకొని, కొత్త బండి వచ్చాక పాతదాన్ని అమ్మకుండా కొట్టంలోనే వదిలేయడం వల్ల చాలా బండ్లు తుక్కుకు పోకుండా మిగిలాయి. వాటిని మళ్లీ నడిపించాలని పూనుకునేవారు నేటికీ ఉన్నారు. రేకు పని, రంగు కంటికి కనిపిస్తాయి కనుక పునరుద్ధరణ వాటితోనే మొదలవుతుంటుంది గాని, బండికి ఎంత ఖర్చవుతుందో, అసలు అది రోడ్డెక్కుతుందో లేదో తేల్చేది ఇంజను కాబట్టి, దాని స్థితి తెలియకుండా రంగు మీద డబ్బు పెట్టడం వరుస తప్పిన పని.

ఇలాంటి ఇంజనులో లోపాలు రెండు రకాలుగా ఉంటాయి. లక్ష మైళ్లు బరువులు మోసినందువల్ల వచ్చిన అరుగుదల ఒకటి. ఏ బరువూ మోయకుండా ఏళ్ల తరబడి నిలిచిపోయినందువల్ల పట్టిన తుప్పు, జిగురు, బిగుసుకుపోవడం రెండోది. ఈ రెండూ బయటికి ఒకే లక్షణాలతో కనిపించడమే నిర్ధారణలోని అసలు కష్టం. కాలిపోయిన వాల్వు గాలిని ఎలా వదిలేస్తుందో, జిగురు పట్టి సగం తెరుచుకుని నిలిచిపోయిన వాల్వు కూడా అలాగే వదిలేస్తుంది. మొదటిదానికి హెడ్డు దించి యంత్రశాలకు పంపాలి, రెండోదానికి కొంచెం నూనె, కొంత ఓపిక సరిపోతాయి. తేడా తెలుసుకోకముందే ఇంజను విప్పేసేవారు, ఇంకా పనికొచ్చే భాగాలకు కూడా డబ్బు పోస్తారు.

ఈ ట్రక్కుల్లో ఎక్కువ భాగానికి 216 ఘనపుటంగుళాల, అంటే దాదాపు మూడున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండేది. 1937లో ప్రవేశపెట్టిన ఈ ఇంజను 1950 దశకం తొలి ఏళ్ల దాకా ట్రక్కుల్లో కొనసాగింది. దాని శక్తి సుమారు 90 అశ్వశక్తి. వాల్వులు సిలిండర్ల పైన హెడ్డులో ఉంటాయి, పిస్టన్లు పోత ఇనుముతో చేసినవి. షెవ్రొలే ఆరు సిలిండర్ల ఇంజనులతో భారతదేశానికీ పరిచయం ఉంది: జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలోని శివ్డీ కర్మాగారంలో షెవ్రొలే బండ్లను కూర్చింది, ఇక్కడి రోడ్ల మీద ఎంతో కాలం తిరిగిన బెడ్‌ఫోర్డ్ లారీల వంశమూలం ఇంగ్లండులో కూర్చిన షెవ్రొలే ట్రక్కులే. ఆ తరం ఇంజనుల్లో కంప్యూటర్లు, సెన్సర్లు ఏవీ లేకపోవడంతో ప్రతి లోపాన్నీ చెవితో, ముక్కుతో, రెండు మూడు సాదా పరికరాలతో పట్టుకోవచ్చు.

మొదటి నియమం, నిలిచిపోయిన ఇంజనుకు వెంటనే సెల్ఫ్ కొట్టకూడదు. పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండరు గోడకు అతుక్కుని ఉంటే సెల్ఫ్ మోటారు బలానికి అవి విరుగుతాయి; పట్టేసిన వాల్వును పుష్‌రాడ్డు, అంటే కామ్‌షాఫ్టు కదలికను పైకి అందించే సన్నని కడ్డీ, నెట్టబోయి వంగిపోతుంది. అందువల్ల ప్లగ్గులు విప్పి, ప్రతి రంధ్రంలో పలుచని నూనె పోసి, కొన్ని రోజులు నాననిచ్చి, ఆ తరువాతే ఇంజనును చేత్తో కొద్దికొద్దిగా ముందుకు వెనక్కు తిప్పి చూడాలి. ఈలోగా పాత నూనెను కింది బోల్టు విప్పి దించి పరిశీలించడం అవసరం. ముందుగా నీళ్లు దిగితే, లేదా నూనె మజ్జిగలా తెల్లగా మారి ఉంటే, శీతల ప్రాంతాల్లో ఒక ప్రమాదాన్ని అనుమానించాలి: గడ్డకట్టకుండా కాపాడే ద్రవం కలపని నీళ్లు చలికాలంలో మంచుగా మారి వ్యాకోచించి, ఇంజను బ్లాకును పగలగొట్టి ఉండవచ్చు. ఈ ఒక్క లోపం బయటపడితే మిగిలిన పరీక్షలన్నీ ఆపి, బ్లాకు బాగుపడుతుందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇంజను చేతికి తిరిగిందంటే తరువాతి ప్రశ్న విద్యుత్తుది. ఈ ట్రక్కులది 6 వోల్టుల వ్యవస్థ. నేటి బండ్లది 12. వోల్టేజి సగమైతే అంతే శక్తికి రెట్టింపు కరెంటు కావాలి, రెట్టింపు కరెంటు ప్రవహించినప్పుడు ప్రతి తుప్పు పట్టిన కలయిక దగ్గరా రెట్టింపు వోల్టేజి నష్టమవుతుంది, ఆ నష్టం కూడా సగమే ఉన్న నిల్వలోంచి పోతుంది. అంటే 12 వోల్టుల బండి పట్టించుకోని కొద్దిపాటి తుప్పు ఇక్కడ సెల్ఫ్ మోటారును నిస్సత్తువ చేస్తుంది. బ్యాటరీ మంచిదే అయినా ఇంజను బరువుగా మూలుగుతూ తిరుగుతుంటే చాలామంది సెల్ఫ్ మోటారును నిందించి దాన్ని రిపేరుకు పంపుతారు. తప్పు తరచు కేబుళ్లలో ఉంటుంది, ఎందుకంటే దుకాణంలో సులువుగా దొరికే 12 వోల్టుల సన్నని కేబుళ్లను ఎవరో ఎప్పుడో బిగించి ఉంటారు. నిర్ధారణ తేలిక: సెల్ఫ్ తిరుగుతుండగా వోల్టు మీటరు ఒక కొసను బ్యాటరీ ఎర్తు ధ్రువానికి, రెండో కొసను ఇంజను బ్లాకుకు ఆనిస్తే, మీటరు దాదాపు సున్నా చూపాలి, అర వోల్టు చూపిందంటే ఆ దారిలో తుప్పో, సన్నని తీగో ఉన్నట్టు. అదే పరీక్ష బ్యాటరీ రెండో ధ్రువం నుంచి మోటారు వరకు కూడా చేయాలి. ఒక్క భాగమూ విప్పకుండా జబ్బు చోటును చూపించే ఇంత చక్కని పరీక్షను చాలామంది చేయకపోవడం విచారకరం.

ప్లగ్గులకు కరెంటు రావడం లేదంటే ముందు చూడవలసినవి పాయింట్లు. డిస్ట్రిబ్యూటరు లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిలుకు వెళ్లే కరెంటును తెంచే జంట లోహపు ముక్కలనే పాయింట్లు అంటారు. ఆ తెగిన క్షణంలోనే కాయిలులో అధిక వోల్టేజి పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వగా దూకుతుంది. ఏళ్లు నిలిచిన బండిలో పాయింట్ల మీద కంటికి కనిపించనంత పలుచని పొర ఏర్పడి, అవి మూసుకున్నా కరెంటు పారదు. సన్నని ఆకురాయితో ఒకటి రెండుసార్లు రుద్ది, శుభ్రమైన కాగితంతో తుడిస్తే చాలాసార్లు ఇంజను ప్రాణం పోసుకుంటుంది. నిప్పురవ్వ వచ్చినా పసుపుగా, బలహీనంగా ఉండి, పాయింట్లు త్వరగా మాడిపోతుంటే కండెన్సరును అనుమానించాలి; అది పాయింట్లు తెరుచుకునే క్షణంలో ఎగిసే కరెంటును తనలోకి తీసుకుని వాటిని మాడకుండా కాపాడే చిన్న డబ్బా. ప్లగ్గు తీగలను ఎవరైనా కలగాపులగం చేసి ఉండవచ్చు కనుక పేలుడు క్రమాన్ని, అంటే 1-5-3-6-2-4 వరుసను, సరిచూడటం మరవకూడదు. నిప్పు సరైన సమయానికి పడుతుందో లేదో తెలియడానికి ఈ ఇంజనులో ఒక ముచ్చటైన ఏర్పాటుంది: ఫ్లైవీలు అంచులో పొదిగిన ఉక్కు గుండు, దాని కవచంలోని చిన్న కిటికీ గుండా, సూచిక ఎదురుగా కనిపించాలి.

ఇంధనం విషయం తొందరగానే తేలుతుంది. నిల్వ ఉన్న పెట్రోలులో తేలిక భాగం ఆవిరైపోయి మిగిలింది వార్నిష్ లాంటి జిగురుగా మారి కార్బొరేటరు సన్నని రంధ్రాలను మూసేస్తుంది, ట్యాంకులోని తుప్పు రజను గొట్టాల్లోకి దిగుతుంది. కాబట్టి మొదటి పరీక్షకు పాత ట్యాంకును వాడకుండా, శుభ్రమైన పెట్రోలున్న చిన్న డబ్బాను విడిగా, వేడి భాగాలకు దూరంగా అమర్చి నడిపితే ఇంజను లోపమేదో, ట్యాంకు లోపమేదో వేరుపడతాయి. ఇంధన పంపు మీద మాత్రం ప్రత్యేక శ్రద్ధ కావాలి. అందులోని రబ్బరు పొర నేటి పెట్రోలులో కలిసే ఇథనాలుకు తట్టుకునే రకం కాకపోవచ్చు. అది చిరిగితే పెట్రోలు బయటికి కాకుండా ఇంజను నూనెలోకి కారుతుంది. నూనె మట్టం పోసినదానికంటే పెరగడం, కొలకడ్డీకి పెట్రోలు వాసన రావడం దీనికి గుర్తులు. పలుచబడిన ఆ నూనెతో నడిపితే బేరింగులు పాడవుతాయి.

ఇంజను తిరిగి, కరెంటు వచ్చి, పెట్రోలు అందినా సరిగా నడవకపోతే కంప్రెషన్ పరీక్ష చేయాలి. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలిని ఎంత ఒత్తిడితో నొక్కగలుగుతుందో కొలిచే ఈ పరీక్షలో ప్లగ్గులన్నీ తీసేసి, కార్బొరేటరు థ్రాటిలును పూర్తిగా తెరిచి ఉంచి, ఒక్కొక్క రంధ్రానికి మీటరు పెట్టి సెల్ఫ్ తిప్పుతారు. ఇందులో ఒక్కొక్క అంకె ఎంత పెద్దది అన్నదానికంటే ఆరు అంకెలూ ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ముఖ్యం. అతి తక్కువది అతి ఎక్కువదానిలో మూడు వంతులకు తగ్గితే ఆ సిలిండరులో లోపమున్నట్టు భావిస్తారు. అక్కడ ఆగకుండా ఆ సిలిండరులో ఒక చెంచా నూనె పోసి మళ్లీ కొలవాలి. నూనె రింగుల చుట్టూ ఉన్న సందును తాత్కాలికంగా మూస్తుంది కనుక అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులది. పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపితే వాటి మధ్య హెడ్డు గ్యాస్కెట్టు పోయి ఉండవచ్చు. ఇంకా స్పష్టత కావాలంటే, వాల్వులు రెండూ మూసి ఉండే స్థితిలో పిస్టనును నిలిపి, ప్లగ్గు రంధ్రం గుండా కంప్రెసరు గాలిని పంపి చెవి ఒగ్గాలి. కార్బొరేటరులో బుస వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సరు గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు, నూనె పోసే మూతి దగ్గర వినిపిస్తే రింగులు. రేడియేటరులో బుడగలు వస్తే గ్యాస్కెట్టు గాని, పగులు గాని.

ఇంత కచ్చితంగా కనిపించే ఈ ఫలితాలు కూడా నిలిచిపోయిన ఇంజను విషయంలో తుది తీర్పు కావు. పరీక్ష గాలి పోయే చోటును చెబుతుంది, ఎందుకు పోతోందో చెప్పదు. అందుకే వాల్వు లోపమని తేలినప్పుడు హెడ్డు దించకముందు పై మూత తీసి, ఇంజనును తిప్పుతూ ప్రతి వాల్వూ పూర్తిగా కిందికి దిగి పైకి వస్తోందో లేదో కళ్లతో చూడాలి. బద్ధకంగా లేచే వాల్వు కాండానికి చొచ్చుకుపోయే నూనె రాసి, చెక్క సుత్తితో మెల్లగా తట్టి కదిలించవచ్చు. ఆ తరువాత వాల్వులకు, వాటిని నొక్కే రాకరు చేతులకు మధ్య ఉండే ఖాళీని సరిచేయాలి. వేడి ఇంజనులో ఈ ఖాళీ ఇన్‌లెట్‌కు అంగుళంలో 0.006 వంతు, ఎగ్జాస్టుకు 0.013 వంతు. ఖాళీ బొత్తిగా లేకపోతే వాల్వు ఆరోగ్యంగా ఉన్నా పూర్తిగా మూసుకోదు, మీటరు దాన్ని కాలిన వాల్వుగానే చూపుతుంది. పై భాగానికి నూనె తెచ్చే సన్నని గొట్టం మడ్డితో మూసుకుపోవడం ఈ ఇంజనులో తరచు కనిపించే జబ్బు కాబట్టి, రాకర్ల దగ్గర నూనె ఊరుతోందో లేదో కూడా ఇప్పుడే చూసుకోవాలి.

ఇంజను నడవడం మొదలయ్యాక వాక్యూమ్ గేజి సాయం వస్తుంది. ఇన్‌టేక్ గొట్టంలోని పీడన లోటును పాదరసపు అంగుళాల్లో కొలిచే ఈ పరికరం సముద్రమట్టం దగ్గర, నిదానంగా తిరిగే ఆరోగ్యకరమైన ఇంజనుకు 17 నుంచి 21 మధ్య నిలకడగా నిలుస్తుంది. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగినప్పుడల్లా దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు లయ తప్పకుండా ఒకే చోట టక్కున పడి లేస్తుంటే ఒక వాల్వులో లోపం, మెల్లగా ఇటూ అటూ ఊగుతుంటే గాలి, పెట్రోలు మిశ్రమంలో తేడా, తక్కువ అంకె వద్ద నిలకడగా ఉంటే టైమింగు ఆలస్యం లేదా ఎక్కడో గాలి చొరబాటు. ఈ ట్రక్కుల వైపర్లు కూడా వాక్యూమ్‌తోనే నడుస్తాయి కనుక, పగిలిన వైపరు గొట్టం కూడా ఇంజను జబ్బులా కనిపించగలదు.

అన్నిటికంటే ఎక్కువ అపార్థానికి గురయ్యేది నూనె ఒత్తిడి. ఈ ఇంజనులో క్రాంక్‌షాఫ్టు ప్రధాన బేరింగులకు పంపు నూనె పంపుతుంది గాని, కనెక్టింగ్ రాడ్ల బేరింగులకు కాదు. రాడ్డు అడుగున ఉండే చిన్న చెంచా లాంటి కొన తొట్టిలోని నూనెలో మునిగి దాన్ని చిలుకుతూ తనకు తానే అందించుకుంటుంది, వేగం పెరిగినప్పుడు సన్నని ధార ఆ చెంచాకు ఎదురుగా వచ్చి తగులుతుంది. కాబట్టి గేజి పూర్తి అంకే చదరపు అంగుళానికి 30 పౌండ్లు, వేడెక్కిన ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడు ముల్లు బాగా కిందికి దిగడం సహజం. ఆధునిక ఇంజనుల అంకెలతో పోల్చి, పంపు పోయిందనో బేరింగులు అరిగాయనో తీర్మానించడం తప్పు. బేరింగుల సంగతి శబ్దమే చెప్పాలి. బరువు కింద కాకుండా, వేగం అందుకుని కాలు వదిలిన క్షణంలో లోతైన తట్టుడు శబ్దం వస్తే, ఒక్కొక్క ప్లగ్గు కరెంటునూ తెంచి చూడాలి. ఏ సిలిండరును ఆపినప్పుడు శబ్దం తగ్గుతుందో ఆ రాడ్డు బేరింగు వదులైనట్టు. ఈ బేరింగులు రాడ్డులోనే పోతపోసిన బాబిట్ అనే మెత్తని తగరపు మిశ్రమలోహం. కొద్దిపాటి వదులును పలుచని రేకులు తీసి సరిచేయవచ్చు, కరిగిపోతే మళ్లీ పోతపోయించాలి, ఆ పని తెలిసినవారు నేడు అరుదు.

చిలికిన నూనె మీదే ఆధారపడే ఈ మెత్తని బేరింగుల వల్లనే బండి వెళ్లే వేగం కూడా నిర్ధారణలో భాగమవుతుంది. వెనుక ఇరుసు నిష్పత్తి 4.11 ఉన్న 3100 నమూనా గంటకు 60 మైళ్లు వెళ్లాలంటే ఇంజను నిమిషానికి సుమారు 3000 సార్లు తిరగాలి. పొలం నుంచి పట్టణానికి నింపాదిగా వెళ్లడానికి పుట్టిన ఇంజను అంత వేగాన్ని కాసేపు భరిస్తుంది గాని, గంటల తరబడి కాదు. మరమ్మతు తరువాత మళ్లీ తట్టుడు మొదలైతే, పనివాడిని అనుమానించేముందు బండిని ఏ వేగంతో నడిపారో అడగాలి.

తొలి ప్రయాణాలు అందుకే చిన్నవిగా, నిదానంగా ఉండాలి. కొన్ని వందల మైళ్ల తరువాత నూనె మార్చి, వాల్వు ఖాళీలు సరిచూసి, కంప్రెషన్ మళ్లీ కొలవాలి. గాడిలో బిగుసుకున్న రింగులు వేడికి, కదలికకు వదులై, తొలి పరీక్షలో తక్కువ చూపిన సిలిండర్లు ఇప్పుడు మిగిలినవాటితో సమానం కావచ్చు. ఇంత నడిచాక కూడా ఏ సిలిండరు వెనుకబడి ఉంటుందో దానిలోనిది నిలిచిపోయినందువల్ల కలిగిన లోపం కాదు, అరుగుదల. హెడ్డు దించవలసింది అప్పుడే.