అడవికి కంచె - చట్టం

హైదరాబాదు నగరానికి ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలలో చిట్టడవులు వ్యాపించి ఉన్నాయి. శామీర్‌పేటలోని జవహర్ జింకల పార్కు, కండ్లకోయలోని ఆక్సిజన్ పార్కు నగరవాసులకు సుపరిచితాలు. మారుమూల అరణ్యాలలో చెట్టును కలప కోసం నరుకుతారు. నగర శివార్లలో చెట్టు కంటే దాని కింది నేలకే విలువ ఎక్కువ. బాహ్యవలయ రహదారి ఏర్పడిన పిమ్మట ఆ విలువ మరింత పెరిగింది.

అందువల్ల ఇచ్చట ‘నరికినవాడెవడు?’ అనే ప్రశ్నకు ముందే ‘ఈ నేల ఎట్టిది?’ అనే ప్రశ్న పుడుతుంది. 1967 నాటి అటవీ చట్టం రాష్ట్ర విభజన తరువాత కూడా తెలంగాణలో అమలులో ఉన్నది. ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని రిజర్వు అడవిగా చేయదలచినపుడు 4వ సెక్షన్ కింద ప్రకటన చేస్తుంది. ఆపైన అటవీ సెటిల్‌మెంటు అధికారి ప్రజల హక్కులను విచారిస్తాడు. పశువుల కాపరులు, చిన్న రైతులు తమ మాట చెప్పుకోగలిగిన ఘట్టమిదే. అనంతరం 15వ సెక్షన్ కింద తుది ప్రకటన వెలువడుతుంది. హద్దులు తేలని చోట ఎంతటి నిజాయితీపరుడైన అధికారికైనా న్యాయస్థానంలో చిక్కులు తప్పవు.

మరి ప్రకటన వెలువడని అడవి మాటేమిటి? గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఈ సందేహం తీర్చింది. నేల ఎవరిదైనా, నిఘంటువులోని అర్థాన్ని బట్టి అడవి అయినదంతా 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం పరిధిలోనిదేనని తీర్పు చెప్పింది. నిఘంటువు చెట్టుకు అండగా నిలిచిన అరుదైన సందర్భమది! నగరానికి పడమటనున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు రిజర్వు అడవిగా ప్రకటింపబడినవి కావు. అయినను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి చెట్ల నరికివేతను నిలిపివేసింది. విడి చెట్లకు 2002 నాటి వాల్టా చట్టం రక్షణ కల్పిస్తున్నది. దాని ప్రకారం సొంత భూమిలోని చెట్టును కొట్టడానికి సైతం అనుమతి అవసరం.

అమలులోనే అసలు కష్టమున్నది. గొడ్డలి పట్టిన కూలి దొరుకుతాడు, లారీ పంపిన వర్తకుడు దొరకడు. అధికారులే కుమ్మక్కయితే కంచే చేను మేసినట్లవుతుంది. అటవీ ఉద్యోగులకు శిక్షణనిచ్చే దూలపల్లి అకాడమీ, న్యాయవిద్య నేర్పే శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయం ఈ ప్రాంతంలోనే ఉండడం విశేషం. చెట్టును గుర్తించే నేర్పు ఎంత అవసరమో, పంచనామాను లోపం లేకుండా రాసే నేర్పూ అంతే అవసరం. అది లోపిస్తే కేసు వీగిపోతుంది.

వర్తకుని చేరుకోవడానికి 44వ సెక్షన్ ఒక మార్గం చూపింది. నేర విచారణతో నిమిత్తం లేకుండానే, దొంగ కలపను మోసిన వాహనాన్ని అధీకృత అధికారి జప్తు చేయవచ్చు. తనకు తెలియకుండా అది జరిగిందని యజమానియే రుజువు చేసుకోవాలి. ఆ ఉత్తర్వుపై అతడు జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.