నీటికి లెక్క చెప్పే చదువు



మీ యింట్లో అబ్బాయిగాని, అమ్మాయిగాని బి.ఎస్‌సి. అగ్రికల్చరు చదువుతున్నారా? నాలుగేళ్ళూ పూర్తి కావస్తుంటే, తరువాత ఏం చదివిద్దామనే ఆలోచన మీకు వచ్చే వుంటుంది. విత్తనాల గూర్చి, తెగుళ్ళ గూర్చి, భూసారం గూర్చి పై చదువులున్నాయని మీకు తెలుసు. వ్యవసాయ అర్థశాస్త్రంలో మరొక శాఖ వుంది. దాని పేరు సహజ వనరుల, పర్యావరణ అర్థశాస్త్రం. పేరు పెద్దదేగాని, విషయం మాత్రం మీ పొలం గట్టు మీదిదే. అదేమిటో మీ బోరుబావి దగ్గరే నిలబడి చూద్దాం.

పక్కపక్క పొలాలున్న అన్నదమ్ములు యిద్దరనుకొందాం. అన్న 200 అడుగుల బోరు వేశాడు. నీళ్ళు బాగానే పడ్డాయి. రెండేళ్ళకు తమ్ముడు 300 అడుగులు వేశాడు. అన్న బోరు సన్నగిల్లింది. అన్న అప్పుచేసి 400 అడుగులకు పోయాడు. యిప్పుడు తమ్ముడి బోరు గాలి కొడుతున్నది. యిద్దరూ చెడ్డవారు కారు. యిద్దరూ కష్టజీవులే. మరి పొరపాటు ఎక్కడ వచ్చింది?

తమ్ముడి ఖర్చుల పుస్తకం తెరవండి. బోరు ఖర్చు, మోటారు, పైపులు, విత్తనం, ఎరువు, కూలి అన్నీ వున్నాయి. ఉచిత విద్యుత్తు వచ్చిన 2004 నుంచి కరెంటు పద్దు లేదు. కాని అన్న బోరు ఎండిన నష్టం ఆ పుస్తకంలో ఏ పద్దు కింద వుంది? ఎక్కడా లేదు. ఒకరు చేసిన పనివల్ల మరొకరి నెత్తిన పడి, చేసినవారి లెక్కలోకి రాని ఖర్చు యిది. ఆర్థర్ పిగూ అనే ఇంగ్లండు ఆచార్యుడు 1920లోనే దీనిని వివరించాడు. పుస్తకంలోకెక్కని అటువంటి ఖర్చును వెదకి పట్టుకొని, దానికి అంకె వేయడమే యీ చదువులో మొదటి పాఠం.

యిక నీటి జమాఖర్చు చూడండి. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్ల నీరు. మీ వూళ్ళో ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన అనుకొందాం. రాతినేలలో అందులో పదోవంతు భూమిలోకి యింకుతుందని లెక్కకోసం తీసుకొందాం. అంటే జమ 60 మిల్లీమీటర్లు. యిక ఖర్చు. వరిపంటకు సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలి. బోరు కింద ఒక ఎకరం వరి పండాలంటే, 20 ఎకరాల మీద యింకిన నీరంతా దానికే పోవాలన్నమాట. అదే వేరుశనగకు 500 మిల్లీమీటర్లు అనుకొంటే, సుమారు ఎనిమిదిన్నర ఎకరాల యింకుడు సరిపోతుంది. మడిలో పెట్టిన నీరు కొంత తిరిగి భూమిలోకి దిగుతుంది, నిజమే. ఆ కొంత తీసివేసినా తేడా తేడాయే. మీకున్నవి మూడెకరాలైతే, మిగిలిన ఎకరాల నీరు ఎవరిది? మీ పొరుగువారిది.

"నేను తోడకపోతే పక్కవాడు తోడుకుంటాడు గదా, రేపటికి దాచి ఏం లాభం?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి తోడు వడ్డీ సంగతి ఒకటి వున్నది. పదేళ్ళ తరువాత వచ్చే 100 రూపాయలకు యివాళ విలువెంత? నూటికి ఏడాదికి 4 రూపాయల వడ్డీతో చక్రవడ్డీ లెక్క వేస్తే సుమారు 68 రూపాయలు. 12 రూపాయల వడ్డీ అయితే 32. నెలకు రెండు రూపాయల చొప్పున, అంటే ఏడాదికి 24 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన రైతుకు అది 12 రూపాయలైనా చేయదు. కనుక అప్పుల్లో వున్న రైతు పదేళ్ళ తరువాతి నీటిని చూడలేకపోవడం అజ్ఞానం కాదు. వడ్డీ అతనిని చూడనివ్వదు. నీటిని కాపాడమని ఉపన్యాసం చెప్పే ముందు, రైతుకు చవక వడ్డీకి అప్పు దొరుకుతున్నదా అని అడగాలని యీ శాస్త్రం నేర్పుతుంది.

గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1968లో ఒక మాట వ్రాశాడు. అందరిదీ అయిన బీడులో ప్రతివాడూ తన లాభం చూసుకొని మరో పశువును తోలితే, చివరికి బీడే పాడైపోతుందని. బోరునీటికీ అంతేనా? కాదని చూపించిన ఆమె ఎలినార్ ఆస్ట్రమ్. అర్థశాస్త్రంలో పరిశోధనకు వెళ్ళబోతే, లెక్కల చదువు చాలదని ఆమెను చేర్చుకోలేదు. రాజనీతిశాస్త్రంలో చేరి, కాలిఫోర్నియాలో లాస్ ఏంజిలిస్ దగ్గరి బావినీళ్ళనే పరిశోధనకు ఎన్నుకొన్నారు. అక్కడ అతిగా తోడడంవల్ల సముద్రపు ఉప్పునీరు లోపలికి వస్తున్నది. తోడేవారంతా సంఘంగా కూడి, కోర్టు ద్వారా ఎవరి వాటా ఎంతో ఒప్పందానికి వచ్చారు. ఆ కథనే 1965లో ఆమె సిద్ధాంతగ్రంథంగా సమర్పించారు. 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

మనకిది బొత్తిగా కొత్త కాదు. చెరువు కింద ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూసిన నీరుగంటినీ, తెలంగాణాలో నీరటినీ పెద్దలు ఎరుగుదురు. చెరువు నీరు కంటికి కనిపించేది గనుక కట్టుబాటు కుదిరింది. భూమి లోపలి నీరు కనిపించదు. దానిని కనిపించేటట్లు చేయాలి. 2000 తరువాతి దశాబ్దంలో, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల రైతులు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఆ పని చేశారు. వానను తామే కొలిచారు. బోర్లలో నీటిమట్టం తామే కొలిచారు. రబీకి ముందు కూర్చుని వూరి నీటికి బడ్జెటు వేసుకొన్నారు. ఫలానా పంట వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క ముందుంచితే, నిర్ణయం ఎవరిది వారే చేసుకొన్నారు. కొత్త బోర్లకు అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. చట్టం వుండవలసిందే. కాని ప్రతి బోరు దగ్గరా కాపలా పెట్టలేము గదా!

యిక చదువు సంగతి. వ్యవసాయ అర్థశాస్త్రంలో ఎం.ఎస్‌సి. రెండేళ్ళు. 1964లో ఏర్పడి, యిప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో వున్న విశ్వవిద్యాలయంలోనూ, తెలంగాణాలో ఆచార్య జయశంకర్ పేరిటి విశ్వవిద్యాలయంలోనూ యీ ఎం.ఎస్‌సి. వుంది. బయటి రాష్ట్రాలకు పోదలచినవారికి అఖిల భారత ప్రవేశ పరీక్ష వుంది. గణితం, గణాంకశాస్త్రం తప్పవు; యిప్పటినుంచే వాటిమీద శ్రద్ధ పెట్టమనండి. పాఠాలతోబాటు ప్రతి విద్యార్థీ ఒక సమస్యను ఎన్నుకొని, వూళ్ళు తిరిగి, రైతులను అడిగి పరిశోధన వ్రాయాలి. పొలంలో పెరిగిన బిడ్డకు ఏ ప్రశ్న అడగాలో ఒకరు చెప్పనక్కరలేదు.

చివరగా రెండు మనవులు. మీ బిడ్డకు యీ శాస్త్రం మీద మనసుంటే, "అర్థశాస్త్రమంటే బజారు ధరల చదువేగదా!" అని వెనక్కు లాగకండి. రెండవది, రేపెప్పుడైనా ఒక విద్యార్థి ప్రశ్నల కాగితాలు చేతబట్టుకొని మీ వాకిట్లోకి వస్తే, కూర్చోబెట్టి నిజమైన లెక్కలు చెప్పండి. ఎండిన బోర్లు ఎన్నో, వాటికి చేసిన అప్పెంతో దాచకండి. మీరు చెప్పని బోరు ఏ లెక్కలోకీ రాదు. లెక్కలోకి రాని నష్టానికి మందు కనిపెట్టేవారూ వుండరు.