యవల సారము, మజ్జిగ రొట్టె

ఐర్లండు దేశమున కార్కు మండలములో మిడిల్టను అను పట్టణము గలదు. అచ్చటి ప్రాత విస్కీ కర్మాగారమున 1825వ సంవత్సరములో నెలకొల్పిన తామ్రపు బాన యొకటి నేటికిని నిలిచియున్నది. అందు 1,40,000 లీటర్లకు పైగా పట్టును. విస్కీ కాచుటకై చేసిన బానలలో ఇంత పెద్దది వేఱొకటి లేదని ప్రసిద్ధి.

గృహిణులు చదువు పత్రికలో మద్యపు ప్రసంగమేల యని సోదరీమణులు నొసలు ముడుతురేమో. ఆ యాక్షేపణ కార్కు నగరముననే పుట్టినది. 1838లో థియొబాల్డు మాథ్యూ అను మతగురువు ఆ నగరమున మద్యపాన విసర్జనోద్యమము నారంభింపగా లక్షల కొలది జనులు ప్రమాణము చేసిరి. మన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాయిపై లేచినప్పుడు వారి నెవ్వరు తప్పుపట్టగలరు? మేమును ఆ పక్షమువారమే. విస్కీ రుచి మే మెఱుగము, ఎఱుగ గోరము. అయినను గింజనుండి రుచిని రాబట్టు విద్య వంటయింటి విద్యకు తోబుట్టువు గావున, దానిని తెలిసికొనుటలో దోషము మాకు కనుపట్టదు.

పసిబిడ్డల అంబలికై చోళ్లను నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి విసరుట మన తల్లు లెఱిగినదే. మొలకతో గింజలోని పిండి తీపిగా మాఱు శక్తి పుట్టును. ఐరిషువారును యవల నట్లే మొలకెత్తించి వేడిగాలి కార్తురు. ఆపై విసరి, వేడినీట కలిపి, తీపిరసము దీసి, ఈస్టు వేసి పులియబెట్టుదురు. పులిసిన రసమును తామ్రపు బానలలో సాధారణముగా ముమ్మాఱు మరిగించి, ఆవిరిని చల్లార్చి పట్టుదురు. తామ్రము గంధకపు దుర్వాసనను లాగివేయును.

ఇం దొక వింత గలదు. 1785లో ప్రభుత్వము మొలకధాన్యముపై పన్ను విధింపగా, వారు మొలకెత్తని యవలను గూడ ఎక్కువగా కలుపసాగిరి. పన్ను తగ్గించుకొన జేసిన యుపాయమే దేశపు రుచియై నిలిచినది. మిరియములవంటి ఘాటును, నూనెవంటి నునుపును ఆ పచ్చిగింజ వలననే కలుగుచున్నవట. ఖర్చు తగ్గింప జూచిన యిల్లాలి చేతి పచ్చడి వంటి దిది!

బాననుండి దిగిన సారము నీటివలె వర్ణహీనము. దానిని కొయ్య పీపాలలో మూడేండ్లకు తక్కువగాక ఐర్లండు ద్వీపముననే నిలువ యుంచవలెనని శాసనము. అమెరికాలో బర్బనునకును, స్పెయినులో షెర్రీకిని వాడిన ఓకు పీపాలను తెప్పించుకొందురు. కొయ్యలోని రంగును, పూర్వపు వాసనయు సారములోనికి మెల్లగా దిగును. ఏటేట నూటికి సుమారు రెండు పాళ్లు ఆవిరియై పోవును. దానికి దేవదూతల భాగమని పేరు. నష్టమున కింత ముద్దుపేరు పెట్టుకొన్నవారిని మేము మెచ్చకుండలేము.

1830లో ఈనియస్ కాఫీ అను మాజీ సుంకపుటధికారి, ఎడతెగక సారము దించు నూతన యంత్రమునకు పేటెంటు పొందెను. స్కాట్లండువారు దానిని చేపట్టిరి. డబ్లిను పెద్దలు అది రుచిని చంపునని త్రోసిపుచ్చిరి. వారి మాటలో నిజము లేకపోలేదు గాని, ఆ పట్టుదలకు మూల్యము పెద్దదే. 1920 నుండి 1933 వఱకు అమెరికాలో సాగిన మద్యనిషేధము గూడ తోడై కర్మాగారములు వరుసగా మూతపడినవి. 1980 నాటికి ద్వీపమంతట మిడిల్టనును, ఉత్తరమున బుష్‌మిల్సును మాత్రమే మిగిలినవి. ఇటీవల మరల పలుచోట్ల క్రొత్తవి వెలసినవి. ఆ బుష్‌మిల్సునందే హెలెన్ మల్‌హాలండ్ అను స్త్రీ విస్కీల మేళవింపునకు ప్రధానాధికారిణియై పనిచేసినది.

పీపాల మాట చాలును, పంక్తికి వత్తము. మిడిల్టనునకు దగ్గఱనే షనగారీ గ్రామమున బాలీమలూ అను గృహము గలదు. మర్టిల్ ఆలెన్ అను రైతు భార్య 1964లో తన భోజనశాలను అతిథులకు తెఱచెను. తమ పొలమున పండినదియు, చెంత సముద్రమున పట్టిన చేపయు, ఆ దినమున మంచిదిగా దొరకిన దేదో అదియే వంట. సొంత దేశపు భోజనమును తక్కువగా జూచుకొను రోజులలో ఆమె చేసిన సాహస మిది. 1975లో మిషెలిన్ వారి నక్షత్రము లభించినది. 2018లో ఆమె కాలధర్మము నొందెను. బానలకంటె ఈమెయే మాకు ఎక్కువ నచ్చినది.

అయినను రెంటిని విడదీయుట యెట్లు? రసము తీసిన యవల పిప్పి పశువుల దాణా యగును. ఆ దాణా పాలై వెన్నయై రొట్టెమీదికి వచ్చును. విస్కీ ముట్టనివారికిని యవల ఋణము తప్పదు.

ఆ రొట్టె విధానము సులభము. ఐర్లండు గోధుమ మెత్తనిది, సాగుడు తక్కువ. ఈస్టుతో బాగుగ పొంగదు గావున, పందొమ్మిదవ శతాబ్దమునుండి వంటసోడాతో చేయుచున్నారు. పిండిలో ఉప్పును, సోడాను జల్లి, పులిసిన మజ్జిగతో కలుపవలెను. మజ్జిగ పులుపు సోడాను తాకగానే పొంగు మొదలగును గనుక, ఎక్కువ పిసుకరాదు, ఆలస్యము చేయరాదు. గుండ్రముగ నొత్తి, పైని కత్తితో అడ్డముగను నిలువుగను గాటుపెట్టి, వేడి పొయ్యిలో కాల్తురు. తీసి అడుగున తట్టినచో డొల్లమ్రోత వినబడవలెను. వెన్న దండిగా నుండవలెను.