సక్రమ ఎగుమతులకు వేగం - అక్రమ రవాణాకు అడ్డుకట్ట
కస్టమ్స్ శాఖలో ‘రిస్క్ మేనేజ్‌మెంట్’ విధానం

బుచ్చిరెడ్డిపాలెం: బద్వేలు, ఆత్మకూరుల నుండి బుచ్చిరెడ్డిపాలెం మీదుగా నెల్లూరు చేరే రహదారి కృష్ణపట్నం రేవుకు దారి చూపుతుంది. ఈ మార్గంలో ఒకవైపు పెన్నా ఆయకట్టు వరిపొలాలు, రైస్ మిల్లులు ఉండగా, మరొకవైపు ఎర్రచందనం పెరిగే వెలిగొండ అడవులు ఉన్నాయి. బియ్యం ఎగుమతి రైతుకు, మిల్లరుకు ఆదాయం. ఎర్రచందనం దుంగల ఎగుమతి నిషిద్ధం. ఇతర సరుకుల పేరుతో కంటెయినర్లలో దుంగలను దాచి పంపే ప్రయత్నాలు పలుమార్లు బయటపడ్డాయి.

ప్రతి కంటెయినరును విప్పి చూస్తే నిజాయితీగల ఎగుమతిదారు ఓడ తప్పిపోయి నష్టపోతాడు. ఏదీ చూడకుంటే అక్రమార్కులకు అవకాశం దొరుకుతుంది. ఈ రెండింటి నడుమ మార్గంగా కస్టమ్స్ శాఖ కంప్యూటర్ ఆధారిత రిస్క్ మేనేజ్‌మెంట్ విధానాన్ని దిగుమతులకు 2005లోను, ఎగుమతులకు 2013లోను ప్రవేశపెట్టింది. 2017లో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం కూడా ఈ పద్ధతినే నిర్దేశిస్తున్నది.

ఎంపిక జరిగే తీరు

ఎగుమతిదారు ఆన్‌లైన్‌లో దాఖలు చేసే షిప్పింగ్ బిల్లులోని సరుకు, విలువ, గమ్యదేశం వంటి వివరాలను, అతని పూర్వ చరిత్రను కంప్యూటర్ పరిశీలిస్తుంది. ముప్పు తక్కువగా ఉన్న సరుకుకు తనిఖీ లేకుండానే అనుమతి లభిస్తుంది. మిగిలినవాటికి పత్రాల పరిశీలన, భౌతిక తనిఖీ, లేదా రెండూ జరుగుతాయి. ఎవరూ ముందుగా ఊహించకుండా కొన్నింటిని యాదృచ్ఛికంగా కూడా ఎంపిక చేస్తారు. కంప్యూటర్ విడిచిపెట్టిన సరుకును తనిఖీ చేయదలచిన అధికారి కారణాలను నమోదు చేసి, ఉన్నతాధికారి అనుమతి పొందవలసి ఉంటుంది. అందువలన ఇష్టానుసారపు తనిఖీలకు తావుండదు.

ముప్పు ఎప్పుడూ ఒకే తీరున ఉండదు. 2023 జూలైలో బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం విధించింది. దానితో తెల్ల బియ్యాన్ని ఉప్పుడు బియ్యంగా చూపే అవకాశమే ప్రధానమైన ముప్పుగా మారింది. నిషేధాన్ని 2024 సెప్టెంబరులో, సుంకాన్ని అక్టోబరులో తొలగించారు. నిబంధనలు మారినప్పుడల్లా ఎంపిక ప్రమాణాలను కూడా సవరించవలసి ఉంటుంది.

ఎగుమతిదారుల బాధ్యత

2011 నుండి సుంకాన్ని స్వయంగా మదింపు చేసుకునే బాధ్యత ఎగుమతిదారులదే. తప్పుడు వివరాలు ఇచ్చినట్లయితే 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం సరుకు జప్తుకు, జరిమానాకు గురికావలసి వస్తుంది. నిబంధనలు సక్రమంగా పాటించే సంస్థలు ‘ఆథరైజ్డ్ ఎకనామిక్ ఆపరేటర్’ గుర్తింపు పొంది, తనిఖీల నుండి మరింత వెసులుబాటు పొందవచ్చు. సరుకు రకం, గ్రేడు, తూకం, విలువలను ఉన్నవి ఉన్నట్లు నమోదు చేయడమే బుచ్చిరెడ్డిపాలెం బియ్యం రేవులో నిలిచిపోకుండా ఓడ ఎక్కడానికి తగిన మార్గం.