నిర్మూలము కాకున్నను అదుపు తప్పనిది
ముదిరిన ప్రోస్టేట్ కేన్సర్: అపోహలు – వాస్తవాలు

అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా పేర వెలసిన అఫ్జల్‌గంజ్‌లో, మూసీ యొడ్డున, ఉస్మానియా ఆసుపత్రి గేటు నెదుట ప్రొద్దుట నిలిచి చూచినవారికి, ఇమ్లీబన్ బస్ స్టాండులో దిగి మెల్లగా నడచివచ్చు పల్లెటూరి వృద్ధులును, ఎక్స్‌రే ఫిల్ములు, స్కానింగు రిపోర్టులు కుక్కిన సంచులు చంకనబెట్టుకొని వారి వెంటవచ్చు కొడుకులును కానవత్తురు. ఓ.పి. చీటీ కొరకు వరుసలో నిలిచినప్పుడును, మందుల షాపు మెట్లపై కూర్చుండినప్పుడును, ప్రోస్టేట్ కేన్సర్‌ను గూర్చి వారి నోట రెండు మాటలు తరచుగా వెలువడుచుండును. "బొక్కలకు పాకిందంట, ఇగ అయిపోయినట్టే" అనునది మొదటిది, "సూదులేసినంక తగ్గింది, ఇగ దవాఖాన ఎందుకు?" అనునది రెండవది. మొదటిది నిరాశ, రెండవది నిర్లక్ష్యము, రెండును అసత్యములే. ముదిరిన ప్రోస్టేట్ కేన్సర్ సాధారణముగా నిర్మూలము కాదు. ఐనను ఎడతెగని చికిత్సతోను, ఏమరుపాటు లేని పరీక్షలతోను పెక్కుమందిలో ఏండ్ల తరబడి అదుపులో నుండగలదు.

ఇట్లు అదుపులో నుంచుకొని బ్రదుకుట యెట్టిదో ఈ హైదరాబాదు నగరమునకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న పొంగిన మూసీ నాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచివేయగా, ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి ఎగువన 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ నిర్మితములయ్యెను. నది ఎచటికిని పోలేదు. నీటిమట్టమును కొలుచుచు, గేట్లను కనిపెట్టుకొనుచు, నగరము దాని యొడ్డుననే కాపురము చేయుచున్నది. ఈ వ్యాధితో జీవనమును అట్టిదే. ఇక లోకమున ప్రబలిన అపోహలను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

అపోహ: "బొక్కలకు పాకినంక వైద్యం లేదు. ఇంటికి తీస్కపోయి అడిగింది పెట్టుడే."

వాస్తవం: ప్రోస్టేట్ కేన్సర్ ఎముకలకు వ్యాపించినను అది ఎముక కేన్సర్ కానేరదు, ఎముకలో చేరిన ప్రోస్టేట్ కణములే అవి, కావున ప్రోస్టేట్‌కు పనిచేయు మందులే వానికిని పనిచేయును. ఈ కణములకు పోషకము టెస్టోస్టిరాన్ అను పురుష హార్మోను. దానిని తగ్గించినచో వ్యాపించిన వ్యాధి సైతము వెనుకంజ వేయునని 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ అను వైద్యులు నిరూపించిరి. ఈ కృషికే హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమానము లభించినది. హార్మోను చికిత్సకు లొంగని దశలో ఆయుర్దాయమును పెంచు కీమో మందుగా 2004లో డోసిటాక్సెల్ అంగీకృతమయ్యెను. 2011లో అబిరాటెరోన్, 2012లో ఎంజలుటమైడ్ అమెరికాలో అనుమతి పొందినవి. తొలుత చివరి అస్త్రములుగా వాడిన ఇట్టి మందులనే నేడు హార్మోను చికిత్సకు ఆరంభముననే జోడించుచున్నారు. ఇట్లు చేసినచో రోగులు ఎక్కువ కాలము జీవింతురని పెద్ద పరీక్షలలో తేలినది. రోగ నిర్ణయమైన నాడే ఆశ వదలుకొని ఇంటికి మరలినవాడు ఈ ఫలితమును అనుభవించుటకే నోచుకొనడు.

అపోహ: "ముక్క తీస్తె, కత్తి తగిల్తె కేన్సర్ ఒళ్లంత పాకుతది."

వాస్తవం: బయాప్సీ చేసినందువలన ప్రోస్టేట్ కేన్సర్ ఒళ్లంతయు వ్యాపించునను భయమునకు ఆధారము లేదు. బయాప్సీ వలన కొన్ని నాళ్లు మూత్రమునను వీర్యమునను నెత్తురు కనబడవచ్చును, అరుదుగా చీముపట్టి జ్వరము రావచ్చును. అవి వైద్యమునకు లొంగునవి. కత్తికి వెరచి వాయిదా వేసిన నెలలలో వ్యాధి తనంతట తాను ముదురును; చివరకు పరీక్ష చేయించినప్పుడు ఆ నేరము కత్తిపై పడును.

అపోహ: "ఆపరేషన్ జేస్తె మగతనం పోతది, సూది మందయితె ఏం గాదు."

వాస్తవం: ఈ మాట యెన్నో కుటుంబములలో భర్త భార్యకును చెప్పుకొనలేని వేదనకు మూలము గనుక కొంత విడమరచి చెప్పవలసియున్నది. టెస్టోస్టిరాన్‌ను తగ్గించుటకు రెండు మార్గములు కలవు. మొదటిది వృషణములను తొలగించు చిన్న శస్త్రచికిత్స. దీనితో కొద్ది గంటలలోనే హార్మోను అడుగంటును. రెండవది ల్యూప్రోలైడ్, గోసెరెలిన్ వంటి సూది మందు. దీనిని నెలకో, మూడు నెలలకో ఒకమారు జీవితాంతము వేయించుకొనవలయును. వ్యాధిని అణచుటలో రెండును సమానములే, కోరిక తగ్గుటయు, ఒంటికి ఆవిరులు తగిలినట్లు వేడి సెగలు పొడముటయు, కండ క్షీణించి కొవ్వు పెరుగుటయు, ఎముకలు పలుచనగుటయు రెండింటను కలవు. గొంతు మారుననుట, గడ్డము పూర్తిగా ఊడిపోవుననుట ఒట్టి మాటలు. మూడు నెలలకొక పర్యాయము కూలి పోగొట్టుకొని, బస్సెక్కి నగరమునకు రాలేని రైతుకు ఒక్క మారుతో ముగియు శస్త్రచికిత్సయే నెమ్మది కావచ్చును; శరీరమున మార్పు సహింపలేనివానికి సూది మందు మేలు కావచ్చును. ఎంపిక రోగిది; సిగ్గు మాత్రము ఎవ్వరును పడనక్కరలేదు.

అపోహ: "పీఎస్‌ఏ సున్నాకొచ్చింది. ఇగ మందెందుకు?"

వాస్తవం: అపోహలన్నిటిలో మిక్కిలి ప్రమాదకరమైనది ఇదియే, ఏలయనగా ఇది శుభవార్త వేషమున వచ్చును. పీఎస్‌ఏ అనునది ప్రోస్టేట్ కణములు స్రవించు ప్రోటీను; రక్తమున మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములని కొలుతురు. వందలలో నున్న అంకె చికిత్స మొదలైన కొన్ని నెలలకు 0.2కు దిగినచో అది మంచి సూచన. కాని అది మందు పనిచేయుచున్నదనుటకు సాక్ష్యమే గాని, మందు అక్కరలేదనుటకు గాదు. వైద్యునితో చెప్పక సూది మానినచో టెస్టోస్టిరాన్ మరల పెరుగును, నిద్రించిన కణములు మేలుకొనును. కొందరిలో చికిత్సకు మధ్యలో విరామమిచ్చు పద్ధతి కలదు గాని, అది వైద్యుడు లెక్క చూచి ఇచ్చునది, రోగి తనంతట తీసికొనునది కాదు.

అట్లే అంకె ఒక్కమారు పెరిగినంత మాత్రమున గుండె జారవిడుచుకొనరాదు. మూత్రమున ఇన్ఫెక్షన్ వచ్చినను, లేబొరేటరీ మారినను అంకె మారవచ్చును. అందుచే వీలైనంతవరకు ఒకే చోట పరీక్ష చేయించుచు, వరుసగా అంకెలు ఎటు నడచుచున్నవో చూడవలయును. టెస్టోస్టిరాన్ డెసీలీటరుకు 50 నానోగ్రాముల లోపుననే యున్నను పీఎస్‌ఏ ఎక్కుచున్నచో అది హార్మోను చికిత్సకు లొంగని దశ యని గ్రహించి, పాత సూది ఆపకయే క్రొత్త మందు చేర్తురు. పీఎస్‌ఏ పెరుగకయే వ్యాధి పాకుటయు కలదు గనుక, క్రొత్తగా నొప్పి, బరువు తగ్గుట, నీరసము కనబడినచో అంకెను నమ్ముకొని కూర్చుండరాదు; స్కానింగు అవసరమగును. రక్తపోటు, చక్కెర, కాలేయము, ఎముకల సాంద్రత గూడ ఈ చూపునుండి తప్పిపోరాదు.

అపోహ: "లక్ష్మణ ఫలం ఆకు కషాయం తాగి, చక్కెర మానేస్తె చాలు."

వాస్తవం: లక్ష్మణ ఫలము మనుష్యులలో కేన్సర్‌ను తగ్గించునని రుజువు కాలేదు, దీర్ఘకాలము మిక్కుటముగా వాడినచో అందలి పదార్థములు నరములకు చేటు చేయవచ్చుననుటకు మాత్రము ఆధారములు కలవు. చక్కెర మానినంతనే కేన్సర్ ఆకలితో చచ్చుననుటయు కల్ల. తిండి తగ్గి రోగియే చిక్కిపోవును. బరువును మధుమేహమును అదుపులో నుంచుకొను మితాహారము మంచిదే. ఆహారమును గూర్చి నిజముగా పాటింపవలసిన నియమము వేరొకటి కలదు: అబిరాటెరోన్ మాత్రలను పరగడుపున వేసికొనవలయును, ముందు రెండు గంటలును తరువాత ఒక గంటయు ఏమియు తినరాదు, తిండితో వేసికొన్నచో మందు రక్తమున పరిమితి మీరి చేరును. దానికి తోడుగా ఇచ్చు ప్రెడ్నిసొలోన్‌ను మాత్రము "స్టిరాయిడ్ గదా" యని మానరాదు. పొటాషియము పడిపోకుండ, రక్తపోటు పెరుగకుండ కాచునది అదియే.

అపోహ: "నడుం నొప్పి ముసలితనంల మామూలే; పండుకుంటె పోతది."

వాస్తవం: ఈ వ్యాధి గలవానికి నడుము నొప్పి మామూలు నొప్పి కాకపోవచ్చును. నొప్పి క్రొత్తగా పుట్టి రాత్రివేళ అధికమై, కాళ్లు బరువెక్కినను, తిమ్మిరెక్కినను, మలమూత్రములు బిగబట్టినను, అదుపు తప్పినను, వెన్నుపాముపై ఒత్తిడి పడుచున్నదని శంకింపవలయును. అది ఆ దినముననే ఎం.ఆర్.ఐ. తీయించి, స్టిరాయిడ్, రేడియేషన్ లేదా శస్త్రచికిత్స చేయవలసిన అత్యవసరము. "ఆదివారము గడవనిండు" అని తాళినవానికి కాళ్లు మరల రాకపోవచ్చును. ఇట్టి లక్షణములు లేని దినములలో మంచమును నమ్ముకొనుటయు తప్పే. వైద్యుని సలహాతో చేయు నడక, తేలిక వ్యాయామము కండను ఎముకను నిలుపును, అలసటను తగ్గించును.

అపోహ: "మార్ఫిన్ ఇచ్చిన్రంటె ఆఖరి రోజులే."

వాస్తవం: మార్ఫిన్ నొప్పికి మందు, మృత్యువునకు ముందుమాట కాదు. వైద్యుడు చెప్పిన మోతాదులో వాడు కేన్సర్ రోగి దానికి వ్యసనపరుడగుట అరుదు. మలబద్ధకము మాత్రము తప్పదు గనుక విరేచనము సుగమము చేయు మందు వెంట నుండవలయును. 1985 నాటి మాదక ద్రవ్యముల చట్టము వలన ఆసుపత్రులకు దీని సరఫరా కష్టమైయుండగా, 2014 సవరణ ఆ చిక్కును కొంత సడలించినది. నాంపల్లి చెంత రెడ్‌హిల్స్‌లో 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కేన్సర్ ఆసుపత్రిలో బాధానివారణకు ప్రత్యేక విభాగము కలదు. నొప్పి తీరిన రోగి తినును, నిద్రించును, తక్కిన చికిత్సను తట్టుకొనును.

అపోహ: "తండ్రికొచ్చింది, ఆడపిల్లలకేం సంబంధం?"

వాస్తవం: ముదిరిన వ్యాధి గలవారిలో కొందరికి బీఆర్‌సీఏ2 వంటి జన్యువులలో వంశపారంపర్య దోషముండును. అది కుమారులకు ప్రోస్టేట్ కేన్సర్, కుమార్తెలకు రొమ్ము, అండాశయ కేన్సర్ల ముప్పును పెంచును. ఆ దోషము కలదని తెలిసినచో రోగికి దానికి తగిన మందును ఎంచుకొనుటకు అది తోడ్పడును. అంతియే గాని, ఈ వ్యాధి అంటురోగము కాదు.

అపోహ: "గిది పైసలున్నోళ్ల వైద్యం."

వాస్తవం: 2007లో ఉమ్మడి రాష్ట్రమున మొదలైన ఆరోగ్యశ్రీ కేన్సర్ చికిత్సలను కలుపుకొన్నది, తెలంగాణలో 2023 డిసెంబరున దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచిరి. ఖరీదైన మందులలో కొన్నింటికి జెనెరిక్ రూపములు వచ్చినవి. వృషణ శస్త్రచికిత్స ఖర్చు మునుపటినుండియు స్వల్పమే.

కావున ఈ వ్యాధి గలవారికిని వారి బిడ్డలకును మా విన్నపమిది. పది రూపాయల నోటుపుస్తక మొకటి కొని, తేదీ, పీఎస్‌ఏ, టెస్టోస్టిరాన్, బరువు, వేసికొన్న సూది, మరల వేయింపవలసిన దినము అందు వ్రాసి యుంచుడు. ఆసుపత్రికి పోయినప్పుడెల్ల వైద్యుని చేత బెట్టుడు. బాగున్నదని మందు మానకుడు, బాగులేదని ఆశ మానకుడు; ఏది మానవలెనన్నను ముందుగా వైద్యుని అడుగుడు.