రాయప్ప శబ్దవిచారము

గుంటూరు సీమలోఁ బ్రత్తియు మిరపయుఁ బండు నల్లరేగడి గ్రామములందు, ముఖ్యముగా ఫిరంగిపురమునందలి కథొలికు రెడ్లలో, రాయప్ప, చిన్నప్ప యను పేళ్లు తరతరములుగా వినవచ్చుచున్నవి. రెడ్డిశబ్దము పరమైనపుడు పకారద్విత్వము పోయి రాయపరెడ్డి, చిన్నపరెడ్డి యగును. రాయప్ప యనునది క్రీస్తు శిష్యులలో నగ్రగణ్యుఁడైన పేతురునకు నామాంతరము.

పండితునకు మొదటఁ దోఁచు వ్యుత్పత్తి సులభము. రాజశబ్దభవమగు రాయశబ్దమున కప్పశబ్దము పరమై, యత్వసంధిచే రామప్పవలె రాయప్ప సిద్ధించును. హిందువులలోని రాయప్పల కీ వ్యుత్పత్తి చాలును. కాని పేతురు గలిలయ సరస్సునఁ జేఁపలు పట్టి జీవించినవాఁడు. రాజత్వ మాతని కెక్కడిది?

ఆతని తొలిపేరు సీమోను. క్రీస్తు పెట్టిన పేరు కేఫా. అరమేయభాషలో రాయి యని యర్థము. గ్రీకువారు దానిని ధ్వనినిఁ బట్టి గాక యర్థమునుబట్టి పెత్రోస్ అనిరి. తెలుఁగు బైబిలులోని పేతురు ఆ గ్రీకుపదపు రూపాంతరమే. గుంటూరు లూథరనులును, ఒంగోలు బాప్తిస్తులును ఈ రూపమునే యెక్కువగా గ్రహించిరి. రాయప్పయో, రాయి యను నర్థమునే నిలుపుకొన్నట్లున్నది.

రాయికి నౌపవిభక్తికరూపము రాతి గదా, రాతియప్ప కావలదా యని యాక్షేపము రావచ్చును. రాయియే యైన యప్ప యని కర్మధారయము చెప్పినచో నా రూపముతోఁ బనిలేదు. ఇకారలోపము మాత్రము చిక్కే. ఏమ్యాదులలో రాయి లేదు. అయినను పార్వతమ్మ, సరస్వతమ్మలలో నిట్టి లోపమే కలదు. బిడ్డకుఁ బేరిడునపుడు జనులు చిన్నయసూరిని సంప్రదింపరు. రాయప్పను రాజప్ప యని దిద్దు నుపాధ్యాయుఁడు మాత్ర మా బాలుని పేరునుండి పేతురునే తొలఁగించినవాఁ డగును.

భర్తృహరి వాక్యపదీయమున శబ్దార్థనిర్ణాయకములలో సాహచర్యమును జెప్పెను. ఇక్కడ సహచరుఁడు చిన్నప్ప. ఇతఁడు పౌలు, లాటినున పౌలుస్ అనఁగాఁ జిన్నవాఁడు. ఇరువురి పండుగయు జూను 29వ తేదీననే. అరవదేశపుఁ గథొలికులును ఇరాయప్పర్, చిన్నప్పర్ అనియే వ్యవహరించిరి. యోహానును అరుళప్పర్ అనిరి. హీబ్రూలో యోహాను పేరున దైవకృప యను భావము కలదు; అరుళ్ అనఁగాఁ గృపయే. తోడివి రెండు ననువాదములు కాఁగా మూఁడవది మాత్రము వేఱు త్రోవఁ బట్టుననుట పొసఁగదు.

అరవమున రాతికిఁ గల్ అని పేరు, రాయి తెలుఁగుమాట. 1606లో రాబర్టు డి నోబిలి మధురఁ జేరునాఁటికి నచటి నాయకప్రభువులు తెలుఁగువారు. ఆ పాదిరియుఁ దెలుఁగు నేర్చెను. కావున అరవనాఁటఁ గూడ నీ పేరు తెలుఁగుపదముతోడనే పుట్టినట్లు తోఁచుచున్నది.