కానుగంటే తప్పా?

బాగేపల్లి: ఒకటో తరగతిలో ఉన్నప్పటి మాట. బడి ముందున్న చెట్టు చూపించి ఇదేందని అడిగారు మా అయివారు. కానుగ అన్నాను. కాదు, హొంగె అనాలన్నారు. పొద్దున్నే అవ్వ కానుగ పుల్లతోనే పళ్లు తోమించి పంపింది మరి! ఆ పూట మళ్లీ నోరు తెరవలేదు. ఈ తాలూకాలో ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడంగా పెరిగిన వాళ్లందరికీ ఇలాంటిదొకటి గుర్తుండే ఉంటుంది. హోసూరు పక్కకు పోతే అదే చెట్టు పుంగమరం.

చెట్టు దగ్గరే పాఠం మొదలుపెట్టే బళ్లు మనకు దూరమేం కాదు. గడి దాటితే మదనపల్లె. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరు. అక్కడికి దగ్గర్లో, తెట్టు పక్కన లోయలో రిషివ్యాలీ బడి. హాస్టలు బడిగా దాని పేరు అందరూ విన్నదే. చుట్టుపక్కల పల్లెల్లో అది నడిపిన ఏకోపాధ్యాయ బళ్ల సంగతే తక్కువమందికి తెలుసు.

నిచ్చెన ఎక్కే చదువు

1980వ దశకంలో పద్మనాభరావు, రమ దంపతులు ఈ పల్లె బళ్ల పని చేపట్టారు. ఒకే గది, ఒకే పంతులు, అయిదు తరగతులు. అందరికీ ఒకే పాఠం చెప్పడం కుదరదు కదా. అందుకే పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడకు ఒక నిచ్చెన బొమ్మ పెట్టారు. తానెక్కడున్నాడో పిల్లాడే చూసుకుని కార్డు తీసుకుంటాడు. చెనక్కాయలు పెరికే రోజుల్లో వారం బడి మానినా, ఆగిన మెట్టు నుంచే మళ్లీ ఎక్కొచ్చు.

గది బయటా చదువే. బడి జాగాలో చెట్లు పెంచారు. ఊళ్లో పిల్లలే కొలతల తిరునాళ్లు పెట్టి, పెద్దల ఎత్తు, బరువు కొలిచి లెక్క చెప్పేవారు.

ఆరుబయట చెప్పడం సులువనుకుంటే పొరపాటు. పంతులు ముందే పోయి చోటు చూసుకోవాలి. తుమ్మముళ్లు ఉన్నాయా, పుట్ట ఉందా అని. పిల్లలందరి మీదా ఓ కన్నుండాలి. అన్నిటికంటే కష్టం, తెలియనిది తెలియదని ఒప్పుకోవడం. మేకలు ఏ ఆకు ముట్టవో, ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో పంతులు కంటే మేకలు కాసే పిల్లకే బాగా తెలుసు. బళ్లో వెనక వరుసలో ముడుచుకుని కూర్చునే ఆ పిల్ల చెట్టు కింద ముందుకొస్తుంది.

కార్డులొచ్చాయి, చెట్టేదీ?

1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకా టీచర్లు రిషివ్యాలీ పద్ధతి చూసొచ్చి, యునిసెఫ్ సాయంతో మొదలుపెట్టిందే నలి-కలి. ఆడుతూ నేర్చుకోవడమని అర్థం. 2009-10లో కర్ణాటక కన్నడ మాధ్యమ సర్కారు బళ్లన్నిట్లో ఒకటి, రెండు తరగతులకు పెట్టారు. అటు చెన్నైలో 2003లో 13 కార్పొరేషన్ బళ్లలో ఇదే బాటలో మొదలై, 2007-08 నాటికి తమిళనాడంతా పాకింది. అంటే మన పక్క పిల్లలు తెలుగు పల్లెల్లో పుట్టిన పద్ధతిలోనే కన్నడం, తమిళం నేర్చుకున్నారన్నమాట. ఈ ముచ్చట మన ఇళ్లలో ఎందరికి తెలుసు?

అయితే కార్డులు అచ్చేసి పంపొచ్చు, చెట్టును పంపలేరు. నేను చూసిన గదుల్లో పిల్లలు తట్టెల చుట్టూ చక్కగానే కూర్చున్నారు. బయటికి పోయింది మాత్రం తక్కువ. అచ్చయిన కార్డు మీద హొంగె ఒక్కటే ఉంటుంది. చెట్టు కింద నిలబెట్టి మీ ఇంట్లో దీన్నేమంటారని అడిగితే కానుగా వస్తుంది, హొంగే వస్తుంది, ఉర్దూ మాట్లాడే పిల్లాడు తన పేరూ చెప్తాడు. దీనికి సర్కారు ఉత్తర్వు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. కన్నడం నేర్చుకోవడం తగ్గిపోతుందన్న భయమూ వద్దు. తెలిసిన పేరు పక్కనే కొత్త పేరు తొందరగా నిలుస్తుంది.

మొన్న ఊరికి పోయినప్పుడు చూశాను, మా బడి ముందరి కానుగ అట్లాగే ఉంది. నీడ కూడా పెరిగింది. దాని కింద ఇప్పుడు మోటారు సైకిళ్లు నిలబెడుతున్నారు.